బుంగమూతికి ఆఖరి పాఠం

ముక్కు దురద పెట్టడానికి దీనికి ఇంతకంటే మంచి ముహూర్తం దొరకలేదు కాబోలు, అనుకుంది ఈలమ్మ, రెండు చేతులూ తడి తువ్వాలు మీదే ఉంచి, కళ్ళు రెండూ దగ్గరికి చేర్చి తన ముక్కు కొసను తనే గుర్రుగా చూసుకుంటూ. కదులుతున్న లారీ వెనకభాగం, గాలి కోసం పైన ఒక కిటికీ, డ్రైవరు వైపు ఇంకో చిన్న కిటికీ, మధ్యలో నడుం ఎత్తు పెట్టె, పెట్టెలో సగానికి నీళ్ళు, నీళ్ళలో ఉయ్యాలలాగా వేలాడదీసిన గుడ్డ, ఆ గుడ్డలో బుంగమూతి. ఆడ డాల్ఫిన్. పార్కువాళ్ళు పెట్టిన పేరు సముద్ర మహారాణి. కానీ ఆ పొడుగుమూతి చూసినవాళ్ళెవరికీ దాన్ని మహారాణి అనబుద్ధి కాదు, చేప ఇవ్వడం ఒక్క క్షణం ఆలస్యమైతే అది అలిగే తీరు చూస్తే అసలే కాదు. ఈలమ్మకీ అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది, మెడలో విజిల్ పడిన రోజునుంచీ అదెవరికీ గుర్తు లేదు. ఇప్పుడా బుంగమూతి ఎడమ కన్ను పెట్టె అంచు మీదుగా ఈలమ్మనే చూస్తోంది. అది చూస్తున్నంతసేపూ ముక్కు గోక్కోవడానికి వీల్లేదు. గోక్కుంటే ఎగురుతుంది. కొలనులో ఎగిరితే చప్పట్లు, ఇక్కడ ఎగిరితే లారీ పైకప్పు.

ఈ ముక్కు సంగతి ఎవరూ నేర్పింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎగరమని సైగ చేసే ముందు భయం కొద్దీ ఈలమ్మ ఒకసారి ముక్కు గోక్కునేది. ఆ తర్వాత చెయ్యి పైకెత్తేది, అది ఎగిరేది, తను ఈల వేసేది, ఈల వెంటనే చేప వేసేది. చెయ్యెత్తితే ఎగురుతోంది, నేనెంత గొప్పదాన్ని, అని తెగ మురిసిపోయింది. బుంగమూతి లెక్క వేరు. చెయ్యి సంగతి అది ఎన్నడూ పట్టించుకోలేదు, దానికి ముక్కే ముఖ్యం. ఈ విషయం బయటపడిన రోజు కూడా మామూలు రోజు కాదు. పార్కు ఓనరు కాబోయే వియ్యంకుణ్ణి వెంటబెట్టుకొచ్చి, కొలను గట్టున నిలబెట్టి, ఈ వ్యాపారం ఎంత గౌరవమైనదో వివరిస్తున్నాడు. ఈలమ్మకి జలుబు. పాపం, మామూలు మనుషుల్లాగే ముక్కు గోక్కుంది. వియ్యంకుడు తలనుంచి చెప్పులదాకా తడిసి ముద్దయ్యాడు. ఓనరు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, "బావుంది, దీన్ని కూడా షోలో పెట్టెయ్" అన్నాడు. పెట్టలేదు గానీ, ఆనాటినుంచి పనిలో ఉన్నంతసేపు ఈలమ్మ ముక్కు ఈలమ్మది కాదు. ఇంటికి వెళ్ళగానే చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి రోజంతా దాచుకున్న దురదంతా ఒక్కసారి తీర్చుకునేది. అత్తగారు లోపలినుంచి, "వచ్చిందిరా మహాతల్లి, ముందు ఆ ముక్కు సంగతి చూసుకోనివ్వండి, తర్వాత మనతో మాట్లాడుతుంది" అనేది.

ఫుస్ మంది బుంగమూతి. తల మీది రంధ్రంలోంచి వేడి ఊపిరి, నిన్నటి చేపల వాసనతో, తిన్నగా ఈలమ్మ మొహాన పడింది. ఇంకొకరికైతే కడుపులో తిప్పేది, ఈలమ్మకి అది ఆఫీసు గది వాసన. చెంబుతో నీళ్ళు ముంచి, రంధ్రంలో పడకుండా చుట్టూ పోసి, వీపు మీది తువ్వాలు సర్ది, "అయిపోయిందే తల్లీ, దగ్గరకొచ్చేశాం" అంది. ఎంత దగ్గరకొచ్చేశారో తనకీ తెలియదు, రాకపోతే బాగుండు అని కూడా ఉంది. ఇవాళ ఈలమ్మ చెయ్యవలసిన పని ఒక్కటే, ఏమీ చెయ్యకపోవడం. సముద్రపు జంతువుల చేత ఆటలాడించకూడదని చట్టం వచ్చింది, పార్కు మూతపడింది, కొలను ఎండగట్టి ఓనరు అందులో స్కేటింగ్ పెట్టిస్తాడట. బుంగమూతిని తీరం వంపు తిరిగినచోట సముద్రానికే వల కట్టి వేరు చేసిన మడుగులో వదలాలి. అక్కడి డాక్టరమ్మ చిన్నదే, ఈలమ్మ కూతురికన్నా నాలుగేళ్ళు పెద్దదేమో, కానీ మాట మాత్రం కత్తి. "మీరు మాయమైపోతే అది మిమ్మల్ని వెతుక్కుంటూ గట్టు దగ్గరే పడి ఉంటుందండీ. ఇంకోచోట అలాగే ఒకటి ఒడ్డు వదలక, వేట నేర్చుకోక, చిక్కి చిక్కి పోయింది. అందుకే మీరు రావాలి. దానికి కనబడాలి. కనబడి, అదేం చేసినా పలక్కూడదు. ఈల లేదు, చెయ్యి లేదు, చేప లేదు, నవ్వు కూడా లేదు. మీతో ఇక దానికి పని లేదని మీరే నేర్పాలి" అంది. ఎంతసేపండీ అని అడిగితే, అది విసిగి వెళ్ళిపోయేదాకా అంది. "దానికి విసుగన్నది లేదండీ, నాకన్నా మొండిది" అంటే, "అయితే మీరింకా మొండి కావాలి మరి" అని మర్యాదగా ఫోను పెట్టేసింది.

రాయి కావడం ఈలమ్మకి కొత్త కాదు, ఆ మాటకొస్తే ఈ వృత్తిలో సగం పని అదే. ఇందులో తిట్టడం, కొట్టడం ఉండవు. అంత బరువున్న జంతువుని ఇవాళ కొడితే రేపు దాంతోనే నీళ్ళలోకి దిగాలి మరి. సరిగ్గా చేస్తే ఈల, చేప. తప్పు చేస్తే ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు, మొహంలో కోపం లేదు, నవ్వు లేదు, కళ్ళు ఎటో, చేతులు పక్కన, పాతేసిన రాయిలాగా కొద్దిసేపు నిలబడాలి. పార్కులో దాన్ని రాయి కావడం అనే అనేవారు. ఈ విద్యని ఇంటికి తీసుకెళ్ళకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. మొగుడు టైలరు, మంచివాడు, నోట్లో నాలుక లేని మనిషి, కానీ తడి తువ్వాలు మంచం మీద పడేసే అలవాటు. ఈలమ్మ ఒక్కసారీ గొడవపడలేదు. మంచం మీద వేస్తే రాయి. పొరపాటున ఎప్పుడైనా తీగ మీద ఆరేస్తే పళ్ళ సందుల్లోంచి సన్నగా చిన్న ఈల, వెంటనే వేడి వేడి టీ. పెళ్ళైన కొన్నాళ్ళకే ఆ మనిషి తువ్వాలు ఆరేసి, వంటింటి గుమ్మంలో నిలబడి, నోరు కొద్దిగా తెరుచుకుని ఎదురుచూడటం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరువాత ఒకసారి పార్కుకొచ్చి షో చూశాడు. ఈల చూశాడు, చేప చూశాడు, రాయి కావడం చూశాడు. ఇంటికొచ్చి గుమ్మం దగ్గర ఆగి, "ఏమే, అంటే నన్ను కూడా..." అన్నాడు. ఈలమ్మ రాయైంది. అయినా పగ పెట్టుకునే రకం కాదు, బుంగమూతి పడుకున్న ఈ ఉయ్యాల గుడ్డ కుట్టింది ఆయనే. కొలతలకని టేపు మెడలో వేసుకుని వచ్చి గట్టు మీద గొంతుక్కూర్చుని, రెక్కలకి రెండు వైపులా కన్నాలు ఎక్కడ పెట్టాలో సుద్దముక్కతో గీసుకుని, "ముందు ముందు లావెక్కుతుందా? కుట్టులో గుడ్డ వదలమంటావా?" అని అడిగాడు. లావెక్కుతుందో, చిక్కిపోతుందో, దేవుడికే తెలియాలి, అదే కదా ఇవాళ తేలేది. తప్పు చేస్తే రాయి కావడం ఈలమ్మకి నిద్రలో కూడా వచ్చు. ఇవాళ అది అన్నీ సరిగ్గా చేస్తుంది, అయినా రాయి కావాలి. అన్యాయం కదండీ అని డాక్టరమ్మతో అననే అంది. "అన్యాయం ఎప్పుడో మొదలైందండీ, దాన్ని ఆపడానికే ఈ పాట్లన్నీ" అందా పిల్ల.

లారీ ఎక్కడో ఆగింది, సిగ్నలేమో, హారన్లు మోగుతున్నాయి. దురద ముక్కు కొసనుంచి ముక్కు దూలానికి పాకింది. ఇక లాభం లేదని ఈలమ్మ చేతులు వెనక్కి కట్టుకుని, ఏమీ ఎరగనట్టు పక్కకి నడిచి, లారీ గోడకున్న ఇనుప కమ్మీకి ముక్కు ఆనించి, కిందికీ పైకీ రుద్దింది. అబ్బ, ప్రాణం లేచొచ్చింది. కళ్ళు తెరిచేసరికి చిన్న కిటికీలో డ్రైవరు మొహం. "అమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు. బాగానే ఉంది నాయనా, నువ్వు ముందుకి చూడు అంది. చూడలేదు. "నాకో అనుమానమమ్మా. అది నవ్వుతోందా?" అన్నాడు. నవ్వుతోందనే చెప్పింది ఈలమ్మ ఇన్నేళ్ళూ, అడిగిన ప్రతివాళ్ళకీ. ఫోటో దిగడానికొచ్చే పిల్లలకీ, వాళ్ళ నాయనమ్మలకీ, కొలను నీళ్ళ రంగేమిటని ప్రశ్నలేసే విలేఖరికీ. నోటి చివర అలా పైకి వంపు తిరిగి ఉంటుంది కదా, మనం నవ్వనుకుని మోసపోతాం. ఇదివరకు దీనికి తోడుగా ఇంకొకటుండేది, పెద్దది, ఆట మీద సరదా పోయి కొలను అడుగున ఒకే మూల నిలబడిపోయేది. ఒక ఉదయం అది పైకి తేలింది. గట్టు మీదికి లాగి, గుడ్డ కప్పబోతూ ఈలమ్మ దాని మొహం చూసింది. నవ్వుతోంది. బతికుండగా ఎంత నవ్విందో అంతే, ఒక్క వెంట్రుకవాసి తక్కువ లేదు. ఆరోజే ఈలమ్మ మధ్యాహ్నం షోలో బుంగమూతి పక్కన నిలబడి, చెవులదాకా నవ్వుతూ జనానికి చెయ్యి ఊపింది, ఎందుకంటే నవ్వడం తన ఉద్యోగంలో కూడా భాగమే. "దాని మొహమే అంత నాయనా, నవ్వు కాదు" అంది ఇప్పుడు. అలా అనడం ఇదే మొదటిసారి. డ్రైవరు ముందుకి తిరుగుతూ, "మా మేనేజరు మొహం కూడా అంతేనమ్మా, ఉద్యోగాలు పీకేసేటప్పుడు కూడా" అని బండి కదిలించాడు.

కూతురైతే ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టింది. ఆ పిల్లతో మొదటినుంచీ ఇదే తంటా. తొలి అడుగు వేసిననాడు ఇంట్లో అందరూ చప్పట్లు కొడితే ఈలమ్మ చటుక్కున ఈల వేసి, చేపల బకెట్ కోసం నడుం దగ్గర తడుముకుంది. "పిల్లకి పచ్చిచేప పెడతావుటే!" అని అత్తగారు గుండె బాదుకుంది. అత్తగారికి బుంగమూతి అంటే సవతి అన్నట్టే. "ఆ చేపకి పెట్టినంత తిండి నా కొడుక్కి పెడితే ఈపాటికి వాడు మనిషయ్యేవాడు" అనేది. చేప కాదత్తయ్యా, అది పిల్లలకి పాలిచ్చే జంతువు అంటే, "పాలిచ్చేదైతే రోజుకో లీటరు ఇంటికి తేరాదూ?" అనేది. ఆవిడకి జవాబు చెప్పొచ్చు గానీ కూతురికి చెప్పడం కష్టం. బళ్ళో చేరిన కొత్తలోనే అడిగింది, అమ్మా, బుంగమూతి వాళ్ళమ్మ ఎక్కడుంది అని. సముద్రంలో ఉందమ్మా. మరి ఇదెందుకు ఇక్కడుంది? నాలాగా ఉద్యోగం చేస్తోందమ్మా. మరి సెలవుల్లో ఇంటికెళ్తుందా? ఈలమ్మ నవ్వేసి జడ వెయ్యడంలో పడింది. పార్కుకి వారానికోరోజు సెలవుండేది. ఆరోజు జనం లేరు, పాటలు లేవు, మైకు లేదు. ఒట్టి చేపలు పెట్టి వద్దామని ఈలమ్మ వెళితే, సరిగ్గా షో వేళకి బుంగమూతి కొలను మధ్యకి వచ్చి, ఎవరూ చెప్పకుండా, మొదటినుంచి చివరిదాకా షో అంతా చేసింది. బంతి ఎగరేసింది, తోక మీద నడిచింది, వలయంలోంచి దూకే చోట వలయం లేకపోయినా దూకింది. ఎంత శ్రద్ధో చూడండి దీనికి, అని ఈ కథ ఈలమ్మ ఏళ్ళ తరబడి చుట్టాలందరికీ చెప్పింది, అందరూ పడీ పడీ నవ్వారు. ఒకసారి ఎవరింట్లోనో భోజనాల దగ్గర మళ్ళీ అదే చెబుతూ, "ఆఖర్న గ్యాలరీ వైపు తిరిగి రెక్క ఊపింది" అనేచోటికొచ్చి ఆగిపోయింది. కుర్చీలన్నీ ఖాళీ కదా. ఎవరికి ఊపింది? మంచినీళ్ళు అడిగి తాగింది, అందరూ పొలమారిందనుకున్నారు.

కూతురు పెద్దదై కాలేజీకి వెళ్ళి, పార్కు గేటు ముందు నినాదాల అట్టలు పట్టుకుని నిలబడే గుంపులో చేరింది. ఇంటి పరువు గంగలో కలిసిందని అత్తగారు, ఎవరి అభిప్రాయం వాళ్ళదని టైలరు. ఈలమ్మ రోజూ ఆ గుంపులోంచే లోపలికి నడవాలి. "జైలు తలుపులు తెరవాలి! తెరవాలి!" అని గొంతు చించుకుంటూనే కూతురు ఒకరోజు దగ్గరికొచ్చి, "బాక్సు మర్చిపోయావమ్మా, ఇదిగో. తిన్నాక మాత్ర వేసుకో" అని చేతిలో పెట్టి, మళ్ళీ వెనక్కెళ్ళి పిడికిలెత్తింది. ఏమనాలి అలాంటిదాన్ని? కోపమూ వచ్చింది, ఆకలీ వేసింది. మధ్యాహ్నం ఆ బాక్సు తింటుంటే లోపల మైకాయన రోజూ చెప్పే ముక్కలే చెబుతున్నాడు, "తల్లినుంచి తప్పిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పసికూనని మనం అక్కున చేర్చుకున్నాం" అని. తప్పిపోలేదు. పడవలు చుట్టుముట్టి, వలలు వేసి, తల్లిని అవతలికి తరిమి పిల్లని ఇవతలికి లాగారు, పార్కులో ఊడ్చేవాళ్ళతో సహా అందరికీ తెలుసు. కానీ మైకాయన గొంతు ఎంత కమ్మగా ఉండేదంటే, విని విని ఈలమ్మకి అదే నిజమేమో అనిపించేది, ఆ పసికూన ముక్క దగ్గర ఒక్కోసారి కళ్ళు కూడా తుడుచుకునేది. ఆరోజు మాత్రం బాక్సు మూసి పక్కన పెట్టేసింది. అది మనల్ని ఎంత ప్రేమిస్తుందో అని అంటూ వచ్చాం, నిజమే, ప్రేమిస్తుంది. మనం తప్ప ఇంకెవ్వరూ లేకుండా చేశాక ప్రేమించక ఏం చేస్తుంది? గోడలకి బదులు మనల్ని చూసుకుంది, అంతే. అయినా నాకు దానిమీద ఉన్నది ప్రేమ కాదా అంటే ప్రేమే, కడుపులో పుట్టినదాని కంటే ఎక్కువేమో కూడా, ఎవరితోనూ అనకూడదు గానీ. ఆ ప్రేమకి తాళంచెవి మాత్రం నా దగ్గర ఉంది. ఇదీ న్యాయమేనా, చెప్పవే బుంగమూతీ? లారీ పెట్టెలో బుంగమూతి ఫుస్ మంది. చెంబు, నీళ్ళు, తువ్వాలు.

ఇంతకీ అసలు భయం ఇంకోటుంది. వేట. బుంగమూతికి చేప అంటే ఐసు గడ్డల మధ్యనుంచి తీసి, మొప్పల్లో విటమిను మాత్ర కుక్కి, నోట్లో పెట్టేది. చచ్చినది, చల్లనిది, మర్యాదైనది. కిందటి నెల డాక్టరమ్మ పార్కుకొచ్చి, ఇప్పటినుంచే అలవాటు చేద్దామని ఒక బతికున్న చేపని కొలనులో వదిలింది. అది తళుక్కున కదిలేసరికి బుంగమూతి హడలిపోయి, ఆ మూలనున్న ఎర్రబంతి వెనకాల మొహం దాచుకుంది. మొహం తప్ప మిగతా శరీరమంతా బయటే ఉంది, అయినా దాక్కున్నాననే దాని నమ్మకం. ఆకలేస్తే అదే తింటుంది లెండి అంది డాక్టరమ్మ. తినలేదు. ఆ చేప కొలనంతా తనదే అన్నట్టు దర్జాగా తిరిగింది. బుంగమూతికి వేసే చేపల్లో ముక్కలు కొరుక్కుని లావెక్కింది. పార్కువాళ్ళు దానికి అద్దెకున్నాయన అని పేరు పెట్టారు. అద్దెకున్నాయన ఎదురొస్తే బుంగమూతి పక్కకి తప్పుకుని దారిచ్చేది. ఇదీ దీని వేట. ఇది వెళ్ళి సముద్రంలో బతకాలి. ఈలమ్మకి నవ్వొచ్చి, నవ్వుతో పాటు కళ్ళలో నీళ్ళూ వచ్చి, తుడుచుకోవడానికి చెయ్యి మొహం దాకా ఎత్తి, అమ్మో, ముక్కనుకుంటుందేమోనని మళ్ళీ దించేసి, తల అటు తిప్పి భుజానికి తుడుచుకుంది. ఏడవడానికి కూడా లేదు కదా, ఏం బతుకే ఇది, అనుకుంది.

లారీ నెమ్మదించింది, కింద రోడ్డు పోయి ఇసుక వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, వెలుతురు ఒక్కసారిగా కళ్ళల్లో పొడిచింది. డాక్టరమ్మ రబ్బరు బూట్లు వేసుకుని ఎదురుగా నిలబడి, పలకరింపు కూడా లేకుండా చెయ్యి చాచింది. "విజిలు." ఈలమ్మ మెడలోంచి తీసి ఇచ్చింది. చాచిన చెయ్యి అలాగే ఉంది. "రెండోది?" లేదండీ అంది ఈలమ్మ. డాక్టరమ్మ మొహంలో ఏమీ లేకుండా ఎటో చూస్తూ నిలబడింది. ఓరి దీని తెలివి మండా, నా విద్య నామీదే, అనుకుంటూ ఈలమ్మ సంచీ అడుగునుంచి రెండోది తీసింది. కాస్తాగి, చెప్పు విప్పి మూడోది కూడా ఇచ్చింది. "మీ అమ్మాయి ఫోను చేసి చెప్పిందిలెండి, మూడుంటాయని" అంది డాక్టరమ్మ. ఏమంది ఇంకా అని అడిగితే, మిమ్మల్ని జాగ్రత్తగా చూసుకోమంది, పదండి అంది.

క్రేను ఉయ్యాలని పైకెత్తింది, టైలరు కుట్లు ఒక్కటీ పిగలలేదు, ఆయనకి చెప్పాలి. మడుగు ఇంత పెద్దదని ఈలమ్మ అనుకోలేదు, అవతలి వల ఎక్కడుందో కంటికి ఆనడం లేదు, నీళ్ళు నీలం కూడా కాదు, ఏదో పచ్చగా, కింద నాచు కదులుతోంది. గుడ్డ విప్పారు. బుంగమూతి కాసేపు కొయ్యలా తేలింది, తర్వాత కదిలింది, ఎడమ వైపుకి తిరిగి గుండ్రంగా చుట్టు వేసింది, మళ్ళీ చుట్టు, మళ్ళీ చుట్టు. అంత నీటి మధ్యలో, ఏ అడ్డూ లేని చోట, అది సరిగ్గా పాత కొలనంత మేర తిరుగుతోంది, గోడ ఉన్నట్టే, గోడకి తగులుకోకుండా జాగ్రత్తగా. తర్వాత తల ఎత్తి చూసి, గట్టు మీద ఈలమ్మని పోల్చుకుని, తిన్నగా వచ్చి ఎదురుగా ఆగింది. చెప్పు, ఏం చెయ్యమంటావ్? ఈలమ్మ రాయైంది. పక్కన డాక్టరమ్మ, ఇద్దరు పనివాళ్ళు, క్రేనాయన, డ్రైవరు, అందరికీ ముందే చెప్పారు కనక అందరూ రాళ్ళే. ఎవరైనా దూరంనుంచి చూస్తే ఆరుగురు పెద్దమనుషులు సముద్రానికి ఎదురుగా నిలబడి ఏమీ చూడకుండా ఏం చూస్తున్నారా అనుకుని ఉండేవారు. బుంగమూతి ఎగిరింది. ఏ సైగా లేకుండానే, ఎన్నడూ లేనంత ఎత్తు, ఎండలో మెరుస్తూ, ఒళ్ళు తిప్పుతూ. డ్రైవరు రెండు చేతులూ తెలియకుండానే దగ్గరకొచ్చాయి, డాక్టరమ్మ ఒక్క చూపు చూసేసరికి చప్పట్లు కొట్టబోయిన వాటిని చంకల్లో దాచుకున్నాడు. "జన్మలో చూళ్ళేదండీ ఇలాంటిది" అని పెదవులు కదపకుండా గొణిగాడు. తోక మీద నడిచింది. లేని బంతి ఎగరేసింది. లేని వలయంలోంచి దూకింది. వేసిన ప్రతి ఆటకీ వచ్చి ఈలమ్మ ముందు ఆగి నోరు తెరిచింది, నోరు మూసి మళ్ళీ వెళ్ళింది. నా తల్లే, నా బంగారమే, ఇంత బాగా నువ్వెప్పుడూ చెయ్యలేదే, అని ఈలమ్మ లోపల అరుస్తూనే ఉంది, పైకి రెప్ప కూడా వెయ్యలేదు, కళ్ళు మండిపోతున్నాయి. ఆఖర్న రెక్క ఎత్తి ఊపింది.

బుంగమూతి మునిగింది. వెళ్ళిపోయిందనుకున్నారు. ఎవరో ఊపిరి వదిలారు కూడా. అంతలో దూరాన నీళ్ళు ఒక్కసారి కల్లోలమయ్యాయి, ఏదో తరుముతున్నట్టు, తప్పిపోయినట్టు, మళ్ళీ తరిమినట్టు. తిరిగి గట్టు దగ్గర తేలేసరికి దాని నోట్లో చేప ఉంది. బతికున్న చేప, మెరుస్తూ, గిలగిల కొట్టుకుంటూ. డాక్టరమ్మ తనూ రాయేనన్న సంగతి మర్చిపోయి ఈలమ్మ మోచెయ్యి పట్టేసుకుంది. బుంగమూతి దాన్ని మింగలేదు. మూతి పైకెత్తి ఈలమ్మ కాళ్ళ దగ్గరికి చాచింది. ఇన్నాళ్ళూ నువ్విచ్చావు, నేను చేశాను. ఇప్పుడు నేనే ఇస్తాను, నువ్వు చెయ్యి. ఒక్క ఈల. పోనీ ఒక్కసారి ఇటు చూడు. అదే అడుగుతోందని ఈలమ్మకి తెలుసు, దాని భాష ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. వంగి ఆ చేప తీసుకుంటే చాలు, రేపు ఇంకోటి తెస్తుంది, ఎల్లుండి ఇంకోటి, ఒక్కటీ తను తినదు, ఈ గట్టు వదలదు. ఈలమ్మ అవతలి కొండ మీద ఒక చెట్టుని ఎంచుకుని దానికేసి చూసింది. చూస్తూనే ఉంది. చేప కొట్టుకోవడం ఆగింది. బుంగమూతి నోరు కొద్దిగా కదిలించింది, చేప జారబోతే పట్టుకుంది, అటు తిప్పింది, ఇటు తిప్పింది, రుచి ఎలా ఉంటుందో అన్నట్టు ఆగింది. మింగేసింది. మింగి, కాస్త ఆశ్చర్యపోయినట్టు నీళ్ళ మీద అలాగే ఉండి, గిర్రున వెనక్కి తిరిగి పోయింది. ఈసారి చుట్టు తిరగలేదు, తిన్నగా పోయింది, ఇందాక గోడ ఉందనుకున్నచోటు దాటి కూడా పోయింది.

చాలాసేపటికి డాక్టరమ్మ మెల్లగా, "అయిపోయిందండీ. ఇక కదలొచ్చు" అంది.

ఈలమ్మ కదల్లేదు. కళ్ళు ఆ చెట్టు మీదే ఉన్నాయి, చెంపల మీద నీళ్ళు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోలేదు.

"ఉండండమ్మా, ఇంకా చూస్తుందేమో" అంది.

డాక్టరమ్మ మడుగు వైపు చూసింది. ఎక్కడో అవతలి వల దగ్గర బుంగమూతి వీపు ఒకసారి తేలింది, ఊపిరి తీసుకుంది, మళ్ళీ మునిగింది. అది ఇటు చూడటం లేదు. అయినా డాక్టరమ్మ ఈలమ్మ పక్కనే తనూ కదలకుండా నిలబడింది.